జే పిట్ట కాలి చీటీ

ఆయన పేరు ఇక్కడ రాయను. రాయాల్సిన చోట రాయించలేకపోయినవాణ్ణి, ఇక్కడ రాసి ఏం బావుకుంటాను? పేరు లేకపోయినా డర్బన్ సిడెన్‌హామ్‌లో వాళ్ళ వీధివాళ్ళు రెండు ముక్కలు వింటే పోల్చేస్తారు. కానీ ఆ వీధిలో తెలుగు చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు. అంచేత నా తప్పు ఒప్పుకోవడానికి ఇంతకన్నా క్షేమమైన చోటు నాకు దొరకదు. నా ధైర్యం ఎప్పుడూ ఈపాటిదే.

ఫోను వచ్చినప్పుడు నేను పీటర్‌మారిట్స్‌బర్గ్ రైస్‌థార్ప్‌లో మా వంటింట్లో చారుకి చింతపండు పిసుకుతున్నాను. "డాడీ ఈజ్ లేట్, డాక్టర్," అంది ఆయన కూతురు. ఇక్కడ పోయినవాళ్ళ గురించి అలాగే చెప్తారు. ఎన్నిసార్లు విన్నా నాకు అలవాటు కాలేదు. చెయ్యి కడుక్కోకుండానే రిసీవరు పట్టుకుని నిలబడ్డాను. నిజం చెప్పాలంటే దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది, హమ్మయ్య, ఇక ఆయనకి ఆ సంగతి చెప్పక్కర్లేదన్న తేలిక. ఆ తేలికకి అప్పుడే సిగ్గుపడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను.

దక్షిణాఫ్రికాలో తెల్లా నల్లా అందరూ కలిసి మొదటిసారి ఓటేసిన ఎన్నికల మరుసటి ఏడు నేను డర్బన్ వచ్చాను. విశాఖలో పక్షుల మీద చేసిన డాక్టరేట్‌కి ఒక మ్యూజియంలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. ఆషర్‌విల్‌లో గది తీసుకుని మొదటిరోజు ఇస్త్రీ చొక్కాతో వెళ్తే, పక్షుల విభాగం తలుపు దగ్గర గోధుమరంగు కోటు వేసుకున్న ఒక పెద్దాయన బల్ల తుడుస్తున్నాడు. నా పేరు విని గుడ్డ పక్కన పెట్టాడు.

"తెలుగా నువ్వు?"

"అవునండీ."

"ఏ ఊరు?"

"అనకాపల్లి దగ్గర."

"మా అవ్వది ఇజీనగరం కాడ. నేను సూడనేదు. గిరిమిటీలో వచ్చింది, సెరుకు తోటల్లో కూలికి, ఓడెక్కి." నన్ను పైనుంచి కిందికి చూశాడు. "తిన్నావా ఏటి?"

ఆయన తెలుగు అంతా వాళ్ళ అవ్వ వంటింట్లోది. తిట్టడానికి, అన్నం పెట్టడానికి, దేవుడికి దండం పెట్టడానికి సరిపోయేంత ఉంది. మిగతాదంతా ఇంగ్లీషు, మధ్యలో రెండు జూలూ మాటలు. మీరూ నువ్వూ తేడా లేదు, ఆడా మగా తేడా కూడా లేదు. పాత అధిపతి గురించి "దొర వచ్చింది, దొర సెప్పింది" అనేవాడు. ఆ దొర బుగ్గమీసాల నిలువెత్తు ఫోటో గోడమీద చూసి నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ సాయంత్రానికే ఆయన నాకు బాబాయ్ అయ్యాడు, నేను ఆయనకి 'డాక్టరూ' అయ్యాను.

కాగితాల మీద ఆయన క్లీనరు. దాదాపు నలభై ఏళ్ళుగా క్లీనరే. కానీ ఆ గదిలో పిట్టల తోలు ఒలిచేది ఆయన, దూది కూరేది ఆయన, చీటీలు రాసేది ఆయన. అద్దాల వెనక కొమ్మమీద నిలబెట్టే పిట్టలు చూడ్డానికొచ్చే జనం కోసం. చదువుకునేవాళ్ళ కోసం ఉంచేవి వేరు. వాటిని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కాళ్ళూ కలిపి చీటీ కట్టి, సొరుగుల్లో వరసగా పెడతారు. చీటీ మీద పిట్ట పేరు, దొరికిన చోటు, చివరి వరసలో అది ఫలానా జాతి అని నిర్ధారించినవారి పేరు. చీటీ లేకపోతే అది పిట్ట కాదు, ఈకల కట్ట. ఆయన దస్తూరీ గుండ్రంగా, అచ్చు గుద్దినట్టు ఉండేది. రాసినదేమో ఆయన, చివరి వరసలో పేరు మాత్రం ఎప్పుడూ దొరది. రంగున్నవాడి పేరు ఆ వరసలోకి వచ్చే రోజులు కావవి.

ఈ చీటీల విషయంలో ఒక నియమం ఉంది. నాకు పుస్తకంలో తెలుసు గాని, ఒంటికి పట్టించింది ఆయనే. ఒకరు తప్పు పేరు రాశారనుకోండి, తర్వాత వచ్చినవాడు ఆ చీటీ తీసెయ్యకూడదు, కొట్టెయ్యకూడదు. తను అనుకున్నది ఇంకో చీటీ మీద రాసి, దాని పక్కనే కట్టాలి. అలా నాలుగు చీటీలు మోస్తున్న పిట్టలు కూడా ఉంటాయి. వచ్చిన కొత్తలో నేను చిరిగిన చీటీ ఒకటి విప్పబోతే నా మణికట్టు పట్టుకున్నాడు.

"తీయకూడదు డాక్టరూ. కట్టొచ్చు."

ఈ మాట ఆయన దేనికైనా అనేవాడు. బీచిలో తెల్లవాళ్ళకి మాత్రమే అన్న బోర్డులు పీకేశారని అందరూ సంతోషిస్తే, ఈయన ఒక్కడే గొణిగేవాడు. "తీయకూడదు మ్యాన్. ఉంచాల. దాని పక్కన ఇంకోటి కట్టాల, కొత్తది. నేకపోతే రేపు పిల్లలకి మనం సెప్పేది అబద్దం అనుకుంటాది." అన్న కొడుకు మొదటి పెళ్ళాన్ని వదిలేసి రెండోపెళ్ళి చేసుకుంటే, గోడమీద పాత పెళ్ళిఫోటో తియ్యనివ్వలేదట. పక్కన కొత్తది తగిలించాడు. ఆ ఇంట్లో భోజనం ఎలా సాగేదో నాకు తెలీదు.

కోటు జేబులో పాత పొగాకు రేకుడబ్బా ఉండేది. అందులో పొగాకు ఉండేది కాదు. కత్తిరించి పెట్టుకున్న ఖాళీ చీటీలు, మైనం పట్టించిన దారం, రెండు పాళీలు. దారం ఎప్పుడూ పంటితోనే తెంపేవాడు. ఆ పిట్టలకి పట్టించే మందు విషం బాబాయ్ అంటే, "నలభై ఏళ్ళు అయింది, ఇంకా సావనేదు," అనేవాడు. మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి కాకులకి రొట్టెముక్కలు వేసేవాడు. బూడిదరంగు మెడల మన ఊరి కాకులే, ఇండియా నుంచి ఓడలమీద వచ్చి డర్బన్‌లో కాపురం పెట్టాయి. ఊళ్ళో అందరూ వాటిని తిట్టేవాళ్ళే. "మనలాగే వచ్చినాది. ఎక్కడికి పొమ్మంటావు?" అనేవాడు.

దసరా నాడు ఒక పని చేసేవాడు. మన వైపు ఆ రోజు పాలపిట్టని చూస్తే మంచిదని వాళ్ళ అవ్వ చెప్పిందట. ఆయన పుట్టిన దేశంలో ఆ పిట్ట లేదు, సొరుగులో ఉంది. అందుకని ఏటా ఆ పొద్దున సొరుగు లాగి, వెల్లకిలా పడుకున్న పాలపిట్టకి దండం పెట్టుకుని మళ్ళీ మూసేవాడు. నన్నూ పెట్టమన్నాడు, పెట్టాను. "మా స్కూలు పుస్తకంలో దీన్ని ఇంగ్లీషులో బ్లూ జే అనేవారు బాబాయ్," అన్నాను. ఆయన పళ్ళు కనిపించేలా నవ్వాడు.

"ఇది జే కాదు డాక్టరూ. ఎవరో దొర నీలంగా ఉందని పేరెట్టేసింది, మీరు సదివేసినారు. జే అంటే కాకికి సుట్టం. రా, సూపిస్తా."

అలా ఆ దసరా నాడే జే పిట్టల సొరుగు చూశాను. ఎప్పుడో ఏదో మార్పిడిలో దక్షిణ అమెరికా నుంచి వచ్చినవి, ఐదు. నల్లటి తల, మీగడరంగు పొట్ట, తోకకి తెల్లటి అంచు. ఐదింటికీ ఒకటే పేరు, ఐదు చీటీల మీదా దొర పేరు. ఆయన నాలుగో పిట్టని అరచేతిలోకి తీసుకుని బోర్లా తిప్పాడు.

"ఇది ఏరేది."

మిగతా నాలుగింటి వీపూ ముదురు నీలం. తల వెనక ఈకలు మఖమల్ కుచ్చులా లేచి ఉన్నాయి. ఈ ఒక్కదాని వీపు గోధుమరంగు, మెడ వెనక తెలుపు ఎక్కువ. నేను చదువుకున్నవాణ్ణి కదా, వెంటనే చెప్పాను: పాతది, రంగు వెలిసిపోయి ఉంటుంది.

"దొర కూడా అదే సెప్పింది," అన్నాడు. "ఐదూ ఒకే డబ్బాలో వచ్చినాది. ఒకే సొరుగులో ఉన్నాది. నాలుగు వెలవనేదు, ఇదొకటి ఎందుకు వెలిసింది? నీలం వెలవదు డాక్టరూ. ఇది పుట్టడమే ఇలగ."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. జే ఈకల నీలం పూసిన రంగు కాదు, ఈక కట్టుబడిలోంచి వచ్చే వెలుగు, అంత తేలిగ్గా వెలవదు. ఆ మాట నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆయన తుడుస్తూ తెలుసుకున్నాడు. కుచ్చుతల జే అనీ, తెల్లమెడ జే అనీ దగ్గర చుట్టాలు రెండున్నాయి. ఒకప్పుడు కొందరు పండితులే రెండూ ఒకటనేవారు. ఇక్కడ తెల్లమెడది వచ్చి కుచ్చుతలల మధ్య పడుకుంది.

"దొరకి చెప్పావా?"

"సెప్పినా. నువ్వు దుమ్ము తుడువు, రంగు సంగతి నేను సూసుకుంటా అంది. ఇరవై ఏళ్ళు తుడిసినా. రంగు మారనేదు."

ఇది జరిగిన కొన్నాళ్ళకి మ్యూజియానికి కొత్త అధిపతి వచ్చాడు. మంచివాడు, కొత్త కాలపు మనిషి. ఈ నేల పిట్టలు, ఈ నేల జనం కథలు ముందు. దక్షిణ అమెరికావి మనకెందుకు, సముద్రం అవతల పెద్ద మ్యూజియానికి పంపేద్దాం అన్నాడు. కాదనడానికి ఏముంది? పెట్టెలు తయారవుతున్నాయి. ఆ వారమంతా బాబాయ్ ఆ పెట్టెల చుట్టూ తిరిగాడు. శుక్రవారం నాకు టీ ఇచ్చి ఎదురుగా కూచున్నాడు.

"ఈ గదిలో సీటీలు ఏలకి ఏలు నేను రాసినా. నా పేరు ఒక దానికీ నేదు. పెట్టె ఎల్లకముందు ఒక్క సీటీ మీద ఉండాల డాక్టరూ. ఆ పిట్టకాడ. ఒక్కటి సాలు."

మాటిచ్చాను. ఆ జే పిట్టల మీదే పని చేసిన ఒక పరదేశపు పండితుడికి ఫోటోలు, కొలతలు పంపాను. ఆరు వారాలకి జవాబు వచ్చింది: అది తెల్లమెడ జే, సందేహం లేదు, కనిపెట్టినవారి కన్ను గొప్పది. ఆ ఉత్తరం చదివి వినిపిస్తే బాబాయ్ గుడ్డతో బల్ల తుడవడం మొదలెట్టాడు, తుడిచిన చోటే తుడిచాడు. కొత్త అధిపతి ఉత్తరం చూసి, "నిర్ధారణ చీటీ ఆయనే రాయాలి, ఆయన పేరుతో, అందరి ముందూ," అన్నాడు. పెట్టెలు లారీ ఎక్కే రోజే ఆయన రిటైరయ్యే రోజు కూడా అయింది.

ఆరోజు పిన్ని, అంటే ఆయన భార్య, ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని రెండు పళ్ళేల సమూసాలు తెచ్చింది. కూతురు వచ్చింది. గేటు కాపలావాళ్ళు, తోటపనివాళ్ళు, ఆఫీసువాళ్ళు అందరూ ఆ గదిలో నిలబడ్డారు. నలభై ఏళ్ళలో ఆ గదిలో అంతమంది నవ్వడం అదే మొదలేమో. ఫోటో కోసం బాబాయ్ కళ్ళజోడు తీసేశాడు. నేను పక్కనే సిరాబుడ్డి పట్టుకుని నిలబడ్డాను. పిట్ట పేరు రాశాడు. దొరికిన చోటు రాశాడు. నిర్ధారించినవారు అన్న వరస దగ్గర ఒక్క క్షణం ఆగి, గుక్క తిప్పుకోకుండా రాసేశాడు.

దొర పేరు రాశాడు.

నలభై ఏళ్ళుగా ఆ వరసకి వచ్చేసరికి ఆ చేతికి తెలిసిన పేరు ఒక్కటే. చెయ్యి తన దారిన తను పోయింది. చప్పట్లు మోగాయి. ఆయన సిరామీద ఊదాడు, రెండు కాళ్ళూ కలిపి పాత చీటీ పక్కన కట్టాడు, దారం పంటితో తెంపాడు. పిన్ని కళ్ళు తుడుచుకుంది. పిట్ట పెట్టెలోకి వెళ్ళింది.

నేను చూశాను. చెప్పడానికి టైము లేదని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను గాని, అబద్ధమెందుకు, ఉంది. మేకులు కొట్టేవాడు రెండు సమూసాలు తిని, టీ తాగి, అప్పుడు సుత్తి తీశాడు. అంతసేపూ నా నోట్లో సమూసా ఉంది. ఆ పట్టుచీర ముందు, ఆ చప్పట్ల ముందు, "బాబాయ్, నువ్వు రాసింది నీ పేరు కాదు" అని ఎలా అంటాను? కళ్ళజోడు లేదు, ఆయన చూసుకోలేదు, తెలియకపోతే బాధ లేదు, ఇలా అన్నీ లెక్కలు కట్టుకున్నాను. ఇంతలో మేకులు పడ్డాయి.

తర్వాత రెండేళ్ళు ప్రతి శనివారం సిడెన్‌హామ్ వెళ్ళాను. కాంట్రాక్టు అయిపోయి పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో పాఠాలు చెప్పుకునే ఉద్యోగానికి మారాక కూడా గంటన్నర బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. ప్రేమ అనుకునేవాణ్ణి. సగం ప్రేమే. పిన్ని టీ ఇచ్చి, పక్కింటివాళ్ళు వస్తే నా ఎదురుగానే చెప్పేది, మా ఆయన పేరు ఓవర్సీస్ మ్యూజియంలో ఉంది, ఈ డాక్టరే రాయించింది అని. బాబాయ్ ఆ మాట తన నోట ఒక్కసారి కూడా అనలేదు. చెంచా తిప్పుతూ నా మొహంలోకి చూసేవాడు. మాటల్లో మాటగా ఏదో వంక దొరకబుచ్చుకుని అనేవాడు. "తీయకూడదు డాక్టరూ. కట్టొచ్చు." చివరి రెండు ముక్కలు కాస్త నొక్కి అనేవాడని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు నేను వెంటనే ఏ వానల సంగతో ఎత్తేవాణ్ణి. గేటు దాకా వచ్చి, "సరే డాక్టరూ. మంచిది. శనివారం రా, టీ తాగుదువు," అని పంపేవాడు.

పదో రోజు కర్మకి వెళ్ళాను. పెరట్లో పిండం పెట్టారు. ఇక్కడ కాకి కోసం ఎదురుచూడక్కర్లేదు, ఆయన మేపినవి గోడమీద బారులు తీరి ఉన్నాయి. అందరూ భోజనాలకి లేచాక కూతురు నన్ను వంటింట్లోకి పిలిచి రేకుడబ్బా నా చేతిలో పెట్టింది.

"డాడీకి తెలుసు," అంది ఇంగ్లీషులో.

నాకు అర్థం కానట్టు చూశాను. ఎంత బాగా అర్థమైందో ఆమెకి తెలిసిపోయింది.

"ముడి వేసేటప్పుడే చూసుకున్నాడట. ఇంటికొచ్చేటప్పుడు కారులో చెప్పాడు. 'సెయ్యి తప్పింది. డాక్టరు సూసింది. పాపం సెప్పలేకపోయింది. మీరెవరూ అడగొద్దు, సిన్నబుచ్చుకుంటాది.'" ఆ నాలుగు మాటలూ తెలుగులో అంది, ఆయన అన్నట్టే.

అంటే రెండేళ్ళూ ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పిన్ని పక్కింటివాళ్ళ ముందు అన్న ఆ మాట నాకు వినబడాలనే అంది. వాళ్ళకి తెలుసన్న సంగతి తెలియనిది నాకొక్కడికే.

డబ్బాలో ఒకే ఒక చీటీ ఉంది, దారం కట్టి సిద్ధంగా. పిట్ట పేరు, దొరికిన చోటు, అదే గుండ్రటి దస్తూరీ. చివరి వరస ఖాళీ.

"ఆ వరస మిమ్మల్ని రాయమందామని. తన చేతిని ఇక నమ్మనన్నాడు. ప్రతి శనివారం మీరొచ్చే ముందు చొక్కా జేబులో పెట్టుకునేవాడు. మీరు వెళ్ళాక తీసి మళ్ళీ డబ్బాలో పెట్టేవాడు."

అడగొచ్చు కదా అని నోటిదాకా వచ్చింది. మింగాను. ఏం మొహం పెట్టుకుని అంటాను? చెప్పొచ్చు కదా అని ఆయన నన్ను అడగలేదు.

అక్కడే, ఆ వంటింటి బల్లమీద, పిన్ని పక్కన నిలబడి చూస్తుండగా చివరి వరసలో ఆయన పేరు రాశాను. నా దస్తూరీ కోడి కెలికినట్టు ఉంటుంది. ఆరోజు ఇంకా వంకర పోయింది. ఉత్తరం జతచేసి ఆ సముద్రం అవతలి మ్యూజియానికి పంపాను. జరిగింది జరిగినట్టు రాశాను, నా సంగతి కూడా.

రెండు నెలలకి జవాబు వచ్చింది, చీటీతో సహా. చాలా మర్యాదగా రాశారు. నిర్ధారించినవారు తాము బతికుండగా స్వయంగా పంపిన చీటీయే మేం కడతాం, చనిపోయినవారి తరఫున మరొకరు రాసింది కట్టడానికి మా నియమాలు ఒప్పుకోవు, మీ ఉత్తరం ఫైల్లో భద్రంగా ఉంచుతాం. మరొకరి తరఫున రాసిన చీటీలు వేలు ఆయన చేతి మీదుగా వెళ్ళాయి, వాటికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ రెండేళ్ళలో ఏ శనివారమైనా నేను నోరు విప్పి ఉంటే, ఇది ఆయనే పంపేవాడు. వాళ్ళు కట్టేవాళ్ళు.

ఆ సాయంత్రమే పిన్ని ఫోను చేసింది.

"బాబూ, సీటీ కట్టినారా?"

చీటీ నా చేతిలోనే ఉంది. దారం వేలికి చుట్టుకుని ఉంది.

"కట్టారు పిన్నీ."

అవతల పెరట్లో కాకులు అరుస్తున్నాయి. 

"సరే బాబూ. మంచిది," అంది. "శనివారం రా, టీ తాగుదువు."

వస్తానన్నాను.